బెత్తెడు తక్కువ నీరు

కింద పనిచేసేవాళ్ళ చేత పని చేయించుకోవడం ఎలాగో చెప్పమని పోయిన నెల ఇద్దరు యువ ఇంజనీర్లు మా ఇంటికి వచ్చారు. ఒకమ్మాయి, ఒకబ్బాయి. ఇద్దరికీ కొత్తగా సెక్షన్లు అప్పగించారట. నేను సర్వీసు చివరి ఆరేళ్ళూ శిక్షణ కేంద్రంలో ఇదే విషయం మీద పాఠాలు చెప్పాను. ఆ పేరు విని వచ్చారు పాపం. గంటసేపు మాట్లాడాను. కిందివాళ్ళను గౌరవించాలి, వాళ్ళ మాట వినాలి, నలుగురిలో తిట్టకూడదు, ఇలాంటివన్నీ చెప్పాను. ఆ అమ్మాయి శ్రద్ధగా నోట్సు రాసుకుంది. కాఫీ తాగి, దణ్ణం పెట్టి వెళ్ళిపోయారు. చెప్పాల్సింది మాత్రం చెప్పలేదు. పాఠాలు చెప్పిన ఆరేళ్ళలోనూ చెప్పలేదు. ఇప్పుడు మోకాళ్ళు అరిగాయి, చెవులు సగం వినపడవు, దాచుకుని ఊడబొడిచేదేమీ లేదు. అందుకని రాస్తున్నాను.

తొంభైల నడుమ సంగతి. కోనసీమలో కొత్తపేట వైపు ఒక కాలువ సెక్షన్‌కి నన్ను ఏఈగా, అంటే అసిస్టెంట్ ఇంజనీరుగా వేశారు. నాది మెట్ట ప్రాంతం. అంత నీళ్ళు, అంత పచ్చదనం ఒక్కచోట చూడడం నాకు కొత్త. నా కింద ఒక వర్క్ ఇన్‌స్పెక్టరు, ఎనిమిది మంది లస్కర్లు. లస్కరంటే కాలువ గట్టు వెంట తిరుగుతూ తూముల తలుపులు ఎత్తీ దించీ నీటిని నడిపే మనిషి. ఒక్కొక్కరికీ నాలుగైదు మైళ్ళ గట్టు బీటుగా ఉంటుంది. తూము దగ్గర రాతి మీద గీతలుంటాయి, దాన్ని గేజి అంటాం. నీళ్ళు ఏ గీత దాకా ఉన్నాయో పూటపూటా పుస్తకంలో రాయడం కూడా లస్కరు పనే. మొత్తం కాలువ నడిచేది వాళ్ళ కాళ్ళ మీద. జీతం చూస్తే అలా అనిపించదు.

అక్కడ చేరడానికి ముందే హైదరాబాదులో మూడు రోజుల శిక్షణకి వెళ్ళొచ్చాను. సిబ్బందిని నడిపించడం ఎలా అన్నది విషయం. మంచి భోజనం పెట్టారు, నీలం అట్ట ఫైలు ఒకటి ఇచ్చారు. అందులో నాకు బాగా నచ్చినవి మూడు. ఒకే మనిషిని ఒకేచోట ఏళ్ళ తరబడి ఉంచకూడదు. ఆజ్ఞలు కాగితం మీద ఇవ్వాలి. చాటుమాటు ఫిర్యాదులు వినకూడదు, ఏదైనా అందరి ముందూ తేల్చాలి. ముప్ఫై నాలుగేళ్ళ వయసులో ఇలాంటివి చదివితే మనిషి నేల మీద నడవడు. నేనూ నడవలేదు.

దాళ్వాకి, అంటే రెండో పంటకి వంతుల వారీగా నీళ్ళిస్తున్న రోజులు. కాలువ చివరి ఊళ్ళ రైతులు పదిమంది ఒక ఉదయం నా ఆఫీసుకి వచ్చారు. తెల్లటి పంచెలు, చేతిలో గొడుగులు, గొంతులో ఎక్కడా కోపం లేదు.

"మా వంతొచ్చినా మాకు నీళ్ళందవండి. పైనోళ్ళకి మోకాల్లోతండి, మాకేమో పాదం తడవదండి" అన్నాడు వాళ్ళలో పెద్దాయన.

"ఎందుకలా జరుగుతోందంటారు?" అన్నాను.

"మీకు తెలీనిదేవుందండి. మజ్జి ఊళ్ళో ఉన్న లస్కరుగారు ఆ ఊరాయనే గదండి. ఆయన బావమరుదులూ అక్కడే, వియ్యంకుళ్ళూ అక్కడే. ఇంతకంటే మేం చెప్పకూడదండి."

ఆ మధ్యలో ఉన్న లస్కరు మా ఎనిమిది మందిలోకీ పెద్దవాడు. ఇరవై ఏళ్ళకు పైగా అదే బీటు. పొట్టిగా, నల్లగా, అరికాళ్ళు పగిలి ఉండేవాడు. గట్టు మీద చెప్పులు వేసుకునేవాడు కాదు. చెప్పులుంటే గట్టు సంగతి కాలికి తెలియదని అనేవాడట. ఆయన గేజి పుస్తకం తెప్పించి చూశాను. ప్రతి పూటా నిండు గీత దాకా నీళ్ళున్నట్టే ఉంది. నిండుగా పారుతుంటే చివరి ఊళ్ళకి ఎందుకందవు? మధ్యలో చుట్టాల చేలకి మళ్ళిస్తున్నాడని తేల్చేసుకున్నాను. ఒక్కసారి స్కూటరు దిగి ఆయన బీటులోని తూము దగ్గర గేజి చూసుంటే సరిపోయేది. నేను పుస్తకం చూశాను.

లస్కర్లందరినీ తారుమారు చేస్తూ, ఎవరూ తన సొంత ఊరి బీటులో ఉండకుండా ఒక జాబితా తయారుచేశాను. వర్క్ ఇన్‌స్పెక్టరు దాన్ని రెండుసార్లు చదివి, కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.

"పెద్దాయన్ని మాత్రం కదపొద్దండి సార్" అన్నాడు.

"ఏం? ఆయనకేమైనా కొమ్ములున్నాయా?"

"కొమ్ములు కాదండి. ఆయన అక్కడుంటే మనకి ఆ బీటు నుంచి ఏ చెడ్డ కబురూ రాదండి. అంతేనండి."

రూలంటే అందరికీ రూలే అన్నాను. ఆయన కళ్ళజోడు మళ్ళీ పెట్టుకుని, "ఆయ్" అన్నాడు.

ఆ సోమవారం ఆఫీసు వరండాలో సమావేశం పెట్టాను. ఎవరి బీటు ఎవరికి మారిందో చదివాను. ఇకనుంచి ప్రతి తూము దగ్గరా వంతు రోజుల్లో నీళ్ళు గేజి నిండు గీతకి సరిగ్గా ఉండాలని, తగ్గినా పెరిగినా లస్కరుదే బాధ్యత అని రాసి, ఒక్కొక్కరికీ కాగితం ఇచ్చాను. అభ్యంతరాలుంటే ఇక్కడే అందరి ముందూ చెప్పమన్నాను. ఒక్కరూ నోరు మెదపలేదు. ఎనిమిది మందీ తలలూపారు. ఎంత క్రమశిక్షణగా జరిగిందో అనుకుని మురిసిపోయాను. ఎనిమిది మంది మనుషులు ఒక్క ప్రశ్న కూడా వేయకపోతే భయపడాలని నాకప్పటికి తెలియదు.

ఇక్కడ కోనసీమ మనుషుల గురించి ఒక ముక్క చెప్పాలి. వాళ్ళు అసలు మాట కూర్చున్నప్పుడు చెప్పరు. మంచినీళ్ళిస్తారు, బొండం కొట్టిస్తారు, మీ మెట్టలో వానలెలా ఉన్నాయని అడుగుతారు. మీరు లేచి చెప్పులు వేసుకుంటుంటే గుమ్మం దాకా వచ్చి, గొంతు తగ్గించి, "అన్నట్టండీ" అని మొదలుపెడతారు. అప్పటిదాకా జరిగింది మర్యాద. ఆ తర్వాత వచ్చేదే విషయం. అక్కడ పుట్టిన అధికారికి ఇది ఎవరూ నేర్పక్కర్లేదు. మెట్ట నుంచి నీలం ఫైలుతో దిగిన నాకు నేర్పేవాళ్ళు లేరు.

సమావేశం అయ్యాక నేను స్కూటరు స్టాండు తీస్తుంటే పెద్ద లస్కరు దగ్గరకొచ్చాడు. తలగుడ్డ తీసి చేతిలో పట్టుకున్నాడు.

"బాబుగారండీ, ఒక్క మాటండి. ఆ ఏడో తూము కాడ మలుపుందండి. అక్కడ గేజి సంగతండి..."

"గేజి సంగతైతే అందరూ వినాలి. ఇందాక అడిగాను కదా, అప్పుడు చెప్పలేదేం?"

"నలుగురిలో చెప్పేది కాదండి."

"నలుగురిలో చెప్పలేనిది నాకూ చెప్పొద్దు. పక్కకి పిలిచి చెవిలో ఊదే అలవాటు మీరంతా మానుకోవాలి."

మిగతా లస్కర్లు ఇంకా వరండాలోనే ఉన్నారు. అందరికీ వినపడాలనే గట్టిగా అన్నాను. ఆయన తలగుడ్డ మళ్ళీ చుట్టుకున్నాడు. "చిత్తమండి" అని పక్కకి తప్పుకున్నాడు. నేను స్కూటరు తన్ని వెళ్ళిపోయాను.

ఆయన బీటుకి నేను వేసిన లస్కరు నలభై ఏళ్ళవాడు. పదిహేనేళ్ళుగా తాత్కాలిక ఉద్యోగి. ఆ ఏడాది పర్మనెంటు చేసే జాబితాలో అతని పేరు నాలుగోది. ఆ జాబితా కాగితం నకలు మడిచి చొక్కా జేబులో పెట్టుకుని తిరిగేవాడు. చెప్పింది చెప్పినట్టు చేసే మనిషి. ఏడో తూము దగ్గర నీళ్ళు గీతకి ఒక్క వేలు తగ్గకుండా, ఒక్క వేలు పెరగకుండా నిలబెట్టాడు. పది రోజులు తిరక్కుండా చివరి ఊళ్ళ రైతులు ఒక అరటిగెల పట్టుకుని వచ్చారు. ఇన్నేళ్ళకి మాకు నీళ్ళు కనపడ్డాయండి అన్నారు. ఆ గెల పండేదాకా నేను రోజూ దాన్ని చూసుకుని సంతోషించాను.

మూడో వారంలో, తెల్లవారి ఆరింటికి, వర్క్ ఇన్‌స్పెక్టరు సైకిలు మీద రొప్పుతూ వచ్చాడు. ఏడో తూము మలుపులో గండి పడిందన్నాడు.

మేం వెళ్ళేసరికి పన్నెండు గజాల మేర గట్టు లేదు. పొట్ట మీదున్న వరి చేలల్లోకి కాలువ కాలువంతా దిగుతోంది. పల్లపు వీధిలో పది పదిహేను ఇళ్ళలోకి నీళ్ళొచ్చాయి. ఆడవాళ్ళు బియ్యం డబ్బాలు, మంచాలు రోడ్డు మీదికి మోస్తున్నారు. ఎవరికీ ప్రాణాపాయం లేదు, అదొక్కటే అదృష్టం. కొత్త లస్కరు అప్పటికే పై లాకుల దాకా పరిగెత్తి తలుపులు దింపించి, తిరిగొచ్చి నడుంలోతు నీళ్ళలో కొబ్బరి దుంగలు పాతుతున్నాడు. అంబాజీపేట కొబ్బరికాయల కొట్ల నుంచి గోనెసంచులు తెప్పించి మట్టి నింపించాం. పక్కన అతనితో సమానంగా దుంగలు మోస్తున్నది పెద్ద లస్కరు. అది ఇప్పుడు ఆయన బీటు కాదు. ఎవరూ పిలవలేదు, వచ్చేశాడు.

నీళ్ళు తగ్గుతుంటే తూము గోడ బయటపడింది. దాని మీద ఏళ్ళనాటి పాచి గీత ఒకటి కనిపించింది. నిండు గీతకి బెత్తెడు కిందుంది. ఇరవై ఏళ్ళుగా అక్కడ నీళ్ళు ఎప్పుడూ నిండు గీతని ముట్టలేదు. పుస్తకంలో మాత్రమే ముట్టాయి.

కొత్త లస్కరు ఒడ్డుకొచ్చి, వణుకుతూ, నాతో మెల్లగా అన్నాడు. "పెద్దలస్కరు బాబాయి చెప్పేడండి నాకు. అక్కడ గట్టు గుల్లండి, ఎండ్రకాయ బొక్కలండి, బెత్తెడు తగ్గించి నడుపుకోరా అన్నాడండి. మరి మీరేమో తగ్గితే నాదే బాధ్యతని కాగితం ఇచ్చేరు గదండి. పర్మనెంటు ముందు ఎందుకొచ్చిన గొడవని గీతకే ఉంచేనండి."

"నాకెందుకు చెప్పలేదు?"

"బాబాయొస్తేనే వద్దన్నారు గదండి. నేనెంతండి."

పదకొండింటికి నా పై అధికారి డీఈ జీపులో వచ్చాడు. ఆయన చెడ్డవాడు కాదు, ఆయన పైన ఇంకొకరున్నారు, అంతే. గండి చూశాడు, వాచీ చూసుకున్నాడు, నన్ను చెట్టు నీడకి తీసుకెళ్ళాడు. సాయంత్రానికి రిపోర్టు పైకి పోవాలన్నాడు. గట్టు బలహీనతని రాస్తే, మరి నువ్వేం చేస్తున్నావని నిన్నడుగుతారు, నీ ప్రమోషన్ ఫైలు కదులుతున్న సమయం అన్నాడు. బీటులో ఉన్నదెవరని అడిగాడు.

అక్కడే, జీపు బానెట్ మీద కాగితం పెట్టుకుని రాశాను. బీటు లస్కరు గట్టు తనిఖీలో అశ్రద్ధ చూపిన కారణంగా గండి పడింది. నా చేతిరాత చాలా బాగుంటుంది. ఆ రోజు కూడా బాగానే ఉంది.

దాని కింద అతని సంతకం కావాలి. పిలిచాను. ఒంటినిండా బురద. లుంగీకి చేతులు తుడుచుకుని పెన్ను తీసుకున్నాడు.

"మామూలు రిపోర్టేనయ్యా. చదువుకుని పెట్టు" అన్నాను.

"మీరు రాసేరు గదండి. చదవడమెందుకండి" అని సంతకం పెట్టేశాడు.

నెలన్నర తర్వాత విచారణ వేశారు. అశ్రద్ధ రుజువైతే అతని పేరు పర్మనెంటు జాబితాలోంచి తీసేస్తారు. మళ్ళీ జాబితా ఎప్పుడో ఎవరికీ తెలియదు. విచారణకి ముందు రోజు సాయంత్రం పెద్ద లస్కరు నా క్వార్టర్‌కి వచ్చాడు. మెట్ల మీద కూర్చున్నాడు, కుర్చీ వేసినా కూర్చోలేదు. ఈసారి నేను వద్దనలేదు, ఆయన మొత్తం చెప్పాడు. ఆ మలుపు గుల్లని నాకు ముందున్న ముగ్గురు అధికారులకి విడివిడిగా చెప్పాడట. ప్రతిసారీ రిపేరుకి ఎస్టిమేటు పంపడం, అది మంజూరు కాకపోవడం. ఇక చెప్పడం మానేసి నీళ్ళు బెత్తెడు తగ్గించాడు. అలా రాస్తే తంటా అని పుస్తకంలో నిండుగా ఉన్నట్టు రాశాడు. చివరి ఊళ్ళవాళ్ళు తిడతారని తెలుసు. "తిట్లకేవుందండి, ఇళ్ళు మునక్కుండా ఉంటే చాలండి" అన్నాడు.

"రేపు ఇదంతా నేను ఒప్పేసుకుంటానండి. పుస్తకం తప్పు రాసింది నేనేనండి. ఎనిమిది నెలల్లో దిగిపోయేవాణ్ణి, నన్నేం చేత్తారో చేసుకోనివ్వండి. ఆడికి ముగ్గురు పిల్లలండి."

"మీ పెన్షన్ ఆగిపోతుంది" అన్నాను. ఆయన్ని మీరు అనడం అదే మొదటిసారి.

"ఆగితే ఆగిందండి. మీరు మాత్రం ఒక్క మాట చెప్పాలండి. నేను ఆ రోజు మీకు చెప్పబోయేనని. అంతేనండి. అది చెప్తే ఆడు బైట పడతాడండి."

ఆయన చెప్పింది నిజం. పై అధికారి వినడానికి ఒప్పుకోక, కాగితం మీద హుకుం ఇచ్చాడని తేలితే, ఆ హుకుం పాటించినవాడిది అశ్రద్ధ కాదు. తప్పు నాదవుతుంది. తప్పకుండా చెప్తానన్నాను. అన్నప్పుడు నిజంగానే అన్నాను. ఇది మీరు నమ్మాలి, ఎందుకంటే ఇలాంటి మాటలన్నీ అన్నప్పుడు నిజంగానే అంటాం.

విచారణ కొత్తపేట బంగళాలో జరిగింది. పెద్ద లస్కరు నిలబడి, ఏదీ దాచకుండా, తన మీదికి తెచ్చుకుంటూ చెప్పాడు. కొత్త లస్కరు జేబులో కాగితాన్ని చేత్తో నొక్కిపట్టుకుని పక్కన నిలబడ్డాడు. మా డీఈ కిటికీ దగ్గర కూర్చుని బయటికి చూస్తున్నాడు. విచారణాధికారి నావైపు తిరిగాడు.

"ఈయన మీకు ముందుగా చెప్పడానికి ప్రయత్నించానంటున్నాడు. మీరు వినలేదంటున్నాడు. నిజమేనా?"

అవును అనడానికి నోరు తెరిచాను. డీఈ కిటికీలోంచి చూపు తిప్పలేదు. ప్రమోషన్ ఫైలు, భార్య, కాకినాడలో కడుతున్న ఇల్లు, ఇవన్నీ ఒక్కసారే గుర్తొచ్చాయని చెప్తే అబద్ధం. ఏమీ గుర్తురాలేదు. భయం వేసింది, అంతే.

"గుర్తు లేదండి" అన్నాను.

టైపిస్టు టకటకా కొట్టేశాడు. అబద్ధమని ఎవరూ నిరూపించలేరు, నిజమా అని కూడా ఎవరూ అడగరు. ఉద్యోగంలో అంతకంటే సురక్షితమైన మాట లేదు. ఇప్పుడిప్పుడే సెక్షన్ తీసుకున్న మీరు, ఈ మాట మీ నోటికి ఎంత సులువుగా వస్తుందో చూసుకుంటూ ఉండండి.

తర్వాత ఏమైందో చెప్పేస్తాను. కొత్త లస్కరు పేరు జాబితాలోంచి పోయింది. రెండేళ్ళు చూసి, మస్కట్‌లో తోటపనికి వెళ్ళిపోయాడు. నీటి పని తెలిసినవాడు గనక అక్కడ రాణించే ఉంటాడని నాకు నేను చెప్పుకుంటాను. పెద్ద లస్కరుకి పుస్తకం తప్పు రాసినందుకు పెన్షన్ మూడేళ్ళు ఆపారు. గండి పడ్డాక ఆ మలుపులో గట్టుకి రాతి కట్టుబడి వచ్చింది, ఎస్టిమేటు పదిహేను రోజుల్లో మంజూరైంది. నాకు మరుసటి ఏడాది ప్రమోషన్ వచ్చింది. చివరి ఊళ్ళ రైతులు ఇప్పటికీ నన్ను మంచి ఆఫీసరుగా చెప్పుకుంటారట. ఆ తర్వాత నా కింద పనిచేసినవాళ్ళందరి మాటా నేను విన్నాను, స్కూటరు ఆపి మరీ విన్నాను. దానివల్ల పనులు బాగా జరిగాయి, మంచి పేరూ వచ్చింది. ఆ పేరుతోనే శిక్షణ కేంద్రంలో పాఠాలు చెప్పమన్నారు.

ఆ రోజు విచారణ అయ్యాక నేను బంగళా వరండాలోకి వచ్చాను. వాళ్ళిద్దరూ మెట్ల దగ్గరున్నారు. తప్పించుకుని వెళ్ళడానికి వేరే దారి లేదు. కొత్త లస్కరు తల దించుకున్నాడు. పెద్దాయన నా దగ్గరకి వచ్చాడు. తిడతాడనుకున్నాను. తిట్టాలని కోరుకున్నాను కూడా.

"పోనీలెండి బాబుగారండీ" అన్నాడు, నెమ్మదిగా, నేనేదో పోగొట్టుకున్నట్టు. "రోజుకి మీకు ఎంతమంది చెప్తారో. అన్నీ ఎక్కడ గుర్తుంటాయండి."

ఆ గొంతులో వెటకారం కోసం వెతికాను. ఇన్నేళ్ళుగా వెతుకుతూనే ఉన్నాను. లేదు.